కళ్ళ డబ్బా ముందు కొనండి, మిగతావి తర్వాత: పిల్లలతో హాలోవీన్ స్వీట్లు

అక్టోబరు 31 రాత్రి పిల్లలు దెయ్యాల వేషాల్లో ఇంటింటికీ తిరిగి స్వీట్లు అడిగే పండుగ హాలోవీన్. దాని కోసం సెప్టెంబరు దాటకముందే ఇక్కడ అమెరికా షాపుల్లో ఒక వరుస మొత్తం నారింజ, నలుపు రంగుల్లోకి మారిపోతుంది. గుమ్మడికాయ అచ్చులు, రంగు చక్కెర, కరిగించే చాక్లెట్ బిళ్ళలు, బిస్కెట్లతో ఇల్లు కట్టే కిట్లు. పిల్లలు పక్కనుంటే బుట్ట నిండిపోతుంది. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టిన సరదా ఇది. ఇప్పుడు తను మిడిల్ స్కూల్‌కి వచ్చేసింది, చిన్నోడు వెనకాలే వస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆ వరుసలో ఉన్నవాటిలో చాలామటుకు మా వంటింట్లోకి వచ్చాయి. ఏది డబ్బులకి తగ్గది, ఏది ఒక్కసారి వాడి పక్కన పడేసేది అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. వీటన్నిట్లో నేను ఏటా మర్చిపోకుండా కొనేది చక్కెర కళ్ళు. తెల్లటి చిన్న బిళ్ళ, మధ్యలో నల్ల చుక్క, అంతే. చిన్నవీ పెద్దవీ కలిపిన డబ్బా దొరికితే అదే తీసుకోండి. పిల్లల చేతికి గీత తిన్నగా రాదు, పూత సమంగా పడదు, కాళ్ళు ఒక పక్కకి ఎక్కువ అవుతాయి. వాటి మీద రెండు కళ్ళు అతికించగానే ఆ వంకరంతా కావాలని చేసినట్టే ఉంటుంది. ఒక కన్ను చిన్నది, ఒక కన్ను పెద్దది పెడితే ఇంకా బాగుంటుందని కనిపెట్టింది మా చిన్నోడే. మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చిన ఏడాది ఫ్రిజ్ తలుపు తీసి, "ఏంటమ్మా ఇది, తినేవాటికి కళ్ళేంటి?" అన్నారు. వాడు పక్కనుంచి, "నానమ్మా, అది నిన్నే చూస్తోంది" అన్నాడు. ఆవిడ తలుపు వేసేసి, కాసేపాగి మళ్ళీ తీసి చూసి నవ్వారు.

గుడ్డు తినని ఇళ్ళవాళ్ళు మాత్రం డబ్బా వెనక్కి తిప్పి చదవాలి. కొన్ని రకాలు రాయల్ ఐసింగ్ అనే గట్టి చక్కెర పూతతో చేస్తారు, అందులో గుడ్డు తెల్లసొన ఉంటుంది. మూడేళ్ళ లోపు పిల్లల చేతికి డబ్బా ఇవ్వకండి. గట్టిగా, చిన్నగా ఉంటాయి, గొంతులో అడ్డం పడే సైజు.

ఇక కరిగించే రంగు బిళ్ళలు. అందరూ క్యాండీ మెల్ట్స్ అంటారు, చాలా కంపెనీలవి దొరుకుతాయి. ఇవి అసలు చాక్లెట్ కాదు. అసలు చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ (కోకో గింజల కొవ్వు) బదులు వీటిలో పామ్ కెర్నెల్ నూనె లాంటివి వాడతారు. పిల్లలతో చేసేటప్పుడు దీనివల్లే పని తేలికవుతుంది. కోకో బటర్ ఉన్న చాక్లెట్‌ని ఒక లెక్క ప్రకారం వేడి చేసి చల్లార్చకపోతే ఆరాక తెల్ల చారలు పడతాయి, పట్టుకుంటే వేళ్ళకి అంటుతుంది. ఈ బిళ్ళలకి ఆ బాధ లేదు. కరిగించండి, ముంచండి, పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది.

కానీ కరిగించడంలో ఓపిక కావాలి. మైక్రోవేవ్‌ని సగం పవర్‌లో పెట్టి ముప్పై సెకన్లకోసారి తీసి కలపాలి. బయటికి బిళ్ళలు బిళ్ళలుగానే కనిపిస్తాయి, చెంచా పెట్టి తిప్పితే లోపల కరిగి ఉంటాయి. "ఇంకా కరగలేదు" అని ఫుల్ పవర్‌లో ఇంకో నిమిషం పెట్టారంటే ముద్దగా బిగుసుకుపోతుంది. ఇంకో శత్రువు నీళ్ళు. ఒక్క తడి చెంచా పెడితే చాలు, గిన్నెలో ఉన్నదంతా ఇసుక ఇసుకగా అయిపోతుంది. పిల్లల్ని చేతులు కడుక్కుని రమ్మంటాం కదా, వాళ్ళు తుడుచుకోకుండా పరుగెత్తుకొస్తారు. అందుకని మా ఇంట్లో కౌంటర్ మీద ముందు పొడి టవల్, తర్వాతే గిన్నె. రంగు కలపాలన్నా నీళ్ళలో కలిసే మామూలు ఫుడ్ కలర్ పనికిరాదు, నూనెలో కలిసే రంగే కొనాలి. పూత మరీ చిక్కగా ఉంటే 12 ఔన్సుల ప్యాకెట్‌కి ఒకటి రెండు టీస్పూన్ల కొబ్బరినూనె కలిపితే ధార పడుతుంది. వంటకి వాడే కొబ్బరినూనె సుమండీ, బాత్రూంలో ఉండేది కాదు.

రుచి విషయంలో నా మాట నమ్మండి: తీపి తప్ప ఏమీ ఉండదు. అంగిట్లో మైనంలా అంటుకుంటుంది. ఏ కంపెనీదైనా కొంచెం అటూఇటూగా ఇంతే. తెలుపు, నారింజ, ఊదా రంగులు కావాలంటే దీంతోనే సర్దుకోవాలి. గోధుమ రంగు సరిపోతుందనుకుంటే మాత్రం గిరార్డెల్లి వాళ్ళ మెల్టింగ్ వేఫర్స్ వాడండి. అవీ ఇలాగే తేలిగ్గా కరుగుతాయి, తింటే చాక్లెట్ తిన్నట్టు ఉంటుంది. పెద్దవాళ్ళకి పంచేవి నేను వాటితోనే చేస్తాను, రంగువి పిల్లలకి. వాళ్ళెలాగూ కళ్ళు ముందు పీక్కుని తింటారు.

గీతలు గీయడానికి ఖరీదైన సీసాలు, నాజిల్స్ అక్కర్లేదు. జిప్‌లాక్ కవర్ చాలు. కవర్ని ఒక గ్లాసులో నిలబెట్టి, అంచులు బయటికి మడిచి, కరిగిన పూత సగం దాకా పోసి, గాలి తీసేసి, పైన మెలితిప్పి రబ్బర్ బ్యాండ్ వేయాలి. ఈ రబ్బర్ బ్యాండ్ చాలా ముఖ్యం. పిల్లలు కవర్ని మధ్యలో పట్టుకుని పిండుతారు, బ్యాండ్ లేకపోతే కింద నుంచి కాకుండా పై నుంచి మోచేతి దాకా కారుతుంది. కొసన కత్తిరించేది బియ్యపు గింజంత ఉంటే చాలు. ముందు మీ మణికట్టు మీద ఆనించి వేడి చూసి, తర్వాతే చేతికివ్వండి. మమ్మీలు, అంటే గుడ్డ కట్లు చుట్టిన ఈజిప్టు శవాల బొమ్మలు చేయడానికి ఇదే వాడతాం: ప్రెట్జెల్ అనే పొడుగాటి ఉప్పు బిస్కెట్ కడ్డీని తెల్ల పూతలో ముంచి ఆరబెట్టి, దాని మీద కవర్‌తో అటూ ఇటూ అడ్డదిడ్డంగా గీతలు లాగడమే. ఎంత గజిబిజిగా గీస్తే అంత కట్లు కట్టినట్టుంటుంది. గీతలు ఆరకముందే కళ్ళు పెట్టేయాలి. అన్నీ గీసేసి చివర్లో కళ్ళు పెడదామంటే మొదటివి ఎండిపోయి ఉంటాయి. ఒకరు గీస్తుంటే ఇంకొకరు పెట్టుకుంటూ పోవాలి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో గొడవ లేకుండా సాగే పని ఇదొక్కటే.

ఓరియో సాలీళ్ళు అందరూ చేసేవే. కాళ్ళకి ప్రెట్జెల్ ముక్కలు గుచ్చమని ప్రతి చోటా ఉంటుంది గానీ, మామూలు ఓరియోలో గుచ్చబోతే పై బిస్కెట్ పగులుతుంది. క్రీం ఎక్కువుండే డబుల్ స్టఫ్ తీసుకోండి. లేదంటే బిస్కెట్ని విప్పి, క్రీం మీద కాళ్ళు పరిచి, ఒక బొట్టు కరిగిన చాక్లెట్ వేసి మూత పెట్టండి. నల్లటి లికరిస్ (అతిమధురం మిఠాయి) తీగలతో కాళ్ళు చూడ్డానికి అచ్చం సాలీడే, కానీ ఆ రుచి మా పిల్లలకి పడలేదు. కాళ్ళన్నీ పళ్ళెంలో మిగిలాయి.

మన ఇళ్ళలో నిజంగా తలనొప్పి తెచ్చేది మార్ష్‌మాలో, దూదిలా మెత్తగా ఉండే చక్కెర మిఠాయి. ఇక్కడ మామూలుగా దొరికేవాటిలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, ఎక్కువగా పందివి. మొక్కజొన్న గింజ ఆకారంలో ఉండే క్యాండీ కార్న్ మిఠాయిల్లోనూ చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, చూడ్డానికి ఉత్త చక్కెరలా ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. శాకాహారుల పిల్లలు మీ ఇంటికి వస్తారంటే ఇది ముందే చూసుకోవాలి, తిన్నాక చెప్పే విషయం కాదు. డాండీస్ అని వీగన్ మార్ష్‌మాలోలు, అంటే జంతువుల నుంచి వచ్చేదేమీ లేనివి దొరుకుతాయి. ధర ఎక్కువే. మామూలు వాటికన్నా కాస్త నెమ్మదిగా కరుగుతాయి, మంట చిన్నది పెట్టి కదుపుతూ ఉండాలి. రుచిలో నాకైతే తేడా తెలియలేదు.

మార్ష్‌మాలోతో చేసే రైస్ క్రిస్పీస్ (మరమరాల్లాంటి సీరియల్) గుమ్మడికాయలు నాకు చాలా ఇష్టం. మూడు టేబుల్ స్పూన్ల వెన్న, 10 ఔన్సుల మార్ష్‌మాలో, ఆరు కప్పుల రైస్ క్రిస్పీస్. వెన్న కరిగించి, మార్ష్‌మాలో వేసి కరిగాక నారింజ రంగు కలిపి, పొయ్యి మీంచి దించి క్రిస్పీస్ కలిపేయడమే. మరమరాల ఉండలు చుట్టిన చేతికి ఇది కొత్త పనేం కాదు. ఆ ఏడాది మా అత్తగారు పక్కన కూర్చుని మా అందరికన్నా గుండ్రంగా చుట్టారు, "బెల్లం పాకమైతే ఇంకా రుచిగా ఉండును" అంటూనే. మాట నిజమే, కానీ బెల్లం పాకం వేడికి పిల్లల చేతులు తట్టుకోవు. మార్ష్‌మాలో రెండు మూడు నిమిషాలు ఆగితే గోరువెచ్చగా అవుతుంది, చేతికి వెన్న రాసుకుని వాళ్ళే చుట్టగలరు. తొడిమకి ప్రెట్జెల్ ముక్క గుచ్చండి. లవంగం గుచ్చితే భలే ఉంటుంది గానీ, ఎవరో ఒకరు కొరికి ఏడుస్తారు.

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. రెండు రకాల స్వీట్లు విడివిడిగా చేసే తీరిక లేక పాలపొడి కోవాతో దెయ్యాలు చేశాం. అప్పటి నుంచి మా ఇంట్లో మొదటి స్థానం వాటిదే. ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, రెండు చెంచాల నెయ్యి, పాలపొడి ముద్దకి వచ్చేంత. సన్నని సెగ మీద గిన్నె అంచులు వదిలేదాకా కలిపి దించేయాలి, రంగు మారనివ్వకూడదు. తెల్లగా ఉంటేనే దెయ్యం. ఏలకుల పొడి వేస్తే నల్ల చుక్కలు కనిపిస్తాయి, అందుకని నేను వేయను. కాస్త వాసన కావాలంటే ఏలక్కాయలు చితక్కొట్టి నెయ్యిలో వేయించి తీసేస్తాను. చల్లారాక పిల్లల ముందు పెట్టేస్తే ఇక మీకు పని లేదు. పూత గట్టిపడిపోతుందన్న టెన్షన్ లేదు, చేయి కాలుతుందన్న భయం లేదు, నచ్చకపోతే ఉండ చుట్టి మళ్ళీ చేసుకోవచ్చు. గుడ్డు లేదు, జెలటిన్ లేదు. సగం ముద్దకి నారింజ రంగు కలిపి, టూత్‌పిక్‌తో నిలువు గీతలు నొక్కితే గుమ్మడికాయ, పైన పిస్తా బద్ద తొడిమ. షాపులో ఆ వరుసకి వెళ్ళనవసరమే లేదు, ఒక్క కళ్ళకి తప్ప.

నలుపు రంగు ఐసింగ్ గురించి ఒక మాట. తెల్ల ఐసింగ్‌లో నల్ల రంగు పోస్తూ పోతే ముందు బూడిద రంగొస్తుంది, నల్లబడేసరికి చేదెక్కుతుంది. కోకో పొడి కలిపిన ఐసింగ్‌తో మొదలుపెట్టి, కొంచెం జెల్ రంగు వేసి రాత్రంతా మూత పెట్టి ఉంచండి. తెల్లారేసరికి దానంతటదే ముదురుతుంది. అయినా పెదాలు, పళ్ళు నల్లబడతాయి. ఫోటోలు ముందే తీసేసుకోండి.

రంగుల మీద భయం ఉన్నవాళ్ళకి: రెడ్ నంబర్ 3 అనే రంగుకి 2025 జనవరిలో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి తీసేసింది, ఆహార కంపెనీలకి 2027 జనవరి దాకా గడువు ఇచ్చింది. కాబట్టి పాత సరుకులో అది ఇంకా కనిపించవచ్చు, లేబుల్ చూసుకోండి. చిటికెడు పసుపు వేస్తే పూతకి మంచి పసుపు రంగు వస్తుంది, గుమ్మడికాయ రంగు మాత్రం రాదు.

భూతాల బిస్కెట్ ఇల్లు కిట్లు కొనకండి. ఒకటి కన్నా ఎక్కువే చూశాను. గోడల్లో ఒకటి పెట్టెలోనే విరిగి ఉంటుంది, అతికించే ఐసింగ్ గట్టిపడేదాకా పిల్లలు కదలకుండా పట్టుకోవాలి, అది జరిగే పని కాదు. కట్టినా ఎవరూ తినరు. సిలికాన్ అచ్చులు పర్వాలేదు, కోవాకి కూడా పనికొస్తాయి.

చేసినవి ఎవరికి ఇవ్వాలన్నది ముందే అనుకోండి. ఇక్కడ చాలా స్కూళ్ళు ఇంట్లో చేసినవి తీసుకోవు. సీలు వేసి, లేబుల్ ఉన్నవే తెమ్మంటాయి, ముఖ్యంగా వేరుశనగ, ఇతర నట్స్ అలర్జీల వల్ల. ఆ రాత్రి తలుపు కొట్టే తెలియని పిల్లలకి కూడా ఇంటివి ఇవ్వకండి, వాళ్ళ అమ్మానాన్నలు పారేస్తారు, తప్పు కూడా కాదు. గుమ్మం ముందు నీలి ఆకుపచ్చ గుమ్మడికాయ కనిపిస్తే ఆ ఇంట్లో తినేవి కాకుండా స్టిక్కర్లు, బొమ్మల్లాంటివి కూడా ఉన్నాయని గుర్తు. అలర్జీ ఉన్న పిల్లల కోసం మేమూ ఒకటి పెడతాం. ఇంట్లో చేసినవి మా వీధిలో తెలిసినవాళ్ళకి, పిల్లల స్నేహితులకే. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే పూత వేసిన ప్రెట్జెళ్ళు, ఓరియోలు బయటే వారం ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పైన చెమ్మ పట్టి రంగు కారుతుంది. కోవావి మాత్రం ఫ్రిజ్‌లోనే.

నవంబరు 1 నుంచి ఇవన్నీ సగం ధరకి వచ్చేస్తాయి. అప్పుడు కళ్ళు రెండు మూడు డబ్బాలు కొని పెట్టుకోండి, పొడిగా ఉంచితే మళ్ళీ ఏడాదికి పనికొస్తాయి. రంగు బిళ్ళలు మాత్రం ఎక్కువ కొనకండి, మా టెక్సస్ ఎండాకాలం దాటేసరికి పైన తెల్లటి పొర కట్టి, కరిగిస్తే చిక్కగా వస్తాయి. ఆకుపచ్చవి దొరికితే తీసుకోండి, క్రిస్మస్‌కి అయిపోతాయి.