వేలాడే కుండీలో రాత్రి పూల తీగ: ఏది మేలు?

రాత్రి పూసే తీగను బాల్కనీలో వేలాడదీయాలనుకునేవారు పువ్వు కంటే ముందు తీగ నడకను చూడాలి. ఎగబాకే తీగకు పందిరి కావాలి. వాలే కొమ్మకు కొక్కెం చాలు. ఈ తేడాను పట్టించుకోకుండా పరిమళం కోసమో, నర్సరీలో కనిపించిన పువ్వు కోసమో కొన్న మొక్క ఆరు నెలల్లో కుండీని దాటి పోతుంది.

మనవారు బ్రహ్మకమలం అని పిలుచుకునే మొక్క నిజానికి మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే ఒక జాతి కాక్టస్. హిమాలయాల్లోని అసలు బ్రహ్మకమలంతో దీనికి చుట్టరికం లేదు. మనం ఆకులనుకునేవి దాని చదునైన కాండాలు, వాటి అంచుల నొక్కుల్లోంచే మొగ్గలు వస్తాయి. చెట్టు తొర్రలో చిక్కుకున్న కాస్త ఆకు ఎరువుతో బతికే అలవాటున్నందువల్ల ఇరుకు కుండీ దీనికి ఇబ్బంది కాదు. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, ముతక ఇసుక కలిపిన గుల్ల మిశ్రమం, ఉదయపు లేత ఎండ సరిపోతాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ తగిలితే మాత్రం కాండాలు పసుపుబారతాయి. లోపమల్లా ఓపిక విషయంలోనే: ముక్క నాటిన తరువాత పూతకు రెండు మూడేళ్లు పట్టవచ్చు, ఆ పువ్వైనా రాత్రి విచ్చి తెల్లవారేసరికి వాలిపోతుంది. మొగ్గ వేసిన కుండీని చోటు మారిస్తే మొగ్గలు రాలే ప్రమాదమూ ఉంది.

మూన్‌ఫ్లవర్ తీగ ఇందుకు పూర్తిగా భిన్నం. (దీన్ని మన చంద్రకాంతతో పొరబడరాదు, అది తీగ కాదు, గుబురు మొక్క.) గట్టి గింజ పెంకును కొద్దిగా గీసి రాత్రంతా నానబెట్టి నాటితే కొన్ని నెలల్లోనే పూతకు వస్తుంది, పూత కాలం నడుస్తున్నన్నాళ్లూ సాయంత్రాల్లో కళ్లెదుటే విచ్చుకుంటుంది. అయితే దీనికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. అన్ని వైపులా గాలి తగిలే వేలాడే కుండీలో ఆ ఎండకు వేసవిలో రెండు పూటలా నీళ్లు పోయక తప్పదు. తీగ కిందికి వాలకుండా గొలుసులనే చుట్టుకుని పైకి పోతుంది. గింజలు విషపూరితం గనుక చిన్నపిల్లలున్న ఇంట జాగ్రత్త అవసరం.

సన్నజాజిని వదులుకోవడం తెలుగువారికి కష్టమే. అయినా ముదిరే కొద్దీ కర్రబారే ఆ తీగను నేల మీది పెద్ద కుండీలో నాటి ఊచలకు పాకించడమే మంచిది. చెట్లెక్కే రాధామనోహరాన్ని కొక్కేనికి తగిలించే ఆలోచనే వద్దు.

కాబట్టి నీడ ఎక్కువగా ఉండే బాల్కనీకి నా ఎంపిక బ్రహ్మకమలమే. ఎండ దండిగా పడే డాబా ఉండి, ఈ ఏడాదే పువ్వు చూడాలనుకునేవారు మూన్‌ఫ్లవర్‌ను ఎంచుకోవచ్చు, కాని దాన్ని వేలాడదీయకుండా గోడ పక్కన తాడు కట్టి పాకించాలి.