కలెండులా లేపనం: పెట్టె మీది మాట, ఒంటి మీది పని

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత మా అమ్మకు 15 విడతల రేడియేషన్ ఇచ్చారు. మా ఊరి మాటలో చెప్పాలంటే కరెంటు పెట్టారు. చర్మం కమిలిపోతుందని విని, మొదటి వారంలోనే హోమియో మందుల దుకాణంలో కలెండులా లేపనం ట్యూబు ఒకటి కొన్నాను. రేడియేషన్ పుండ్లను మాన్పుతుందని పెట్టె మీద రాసి ఉంది.

కలెండులా మన గుమ్మాలకు కట్టే బంతి కాదు, మధ్యధరా ప్రాంతపు వేరొక మొక్క. దాని పూలలోని ట్రైటెర్పీన్లు అనే రసాయనాలు, ముఖ్యంగా ఫారడయోల్ ఎస్టర్లు, వాపును తగ్గిస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. ఫ్రాన్స్‌లో 254 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో, తీవ్రతలో రెండో స్థాయి లేదా అంతకు మించిన చర్మవికారం ట్రోలమైన్ అనే మరో పూత మందు రాసుకున్నవారిలో 63 శాతం మందికి వస్తే, కలెండులా రాసుకున్నవారిలో 41 శాతానికే పరిమితమైంది. అయితే స్వీడన్‌లో 400 మందికి పైగా రోగులపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కలెండులాకూ మామూలు క్రీముకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా ఫ్రాన్స్‌లో చూసింది పుండు రాకుండా ఆపడాన్నే కాని, వచ్చిన పుండును మాన్పడాన్ని కాదు. పెట్టె మీది మాట ఈ తేడాను మింగేసింది.

వైద్యుల అనుమతితో రోజుకు రెండుసార్లు, కరెంటు పెట్టించుకుని వచ్చాక పలుచగా రాశాము. మంట, దురద కొంత తగ్గాయని అమ్మ చెప్పింది. లేపనం మాత్రం గట్టిగా ఉండి, లేత చర్మంపై పరుచుకోక ఇబ్బంది పెట్టింది. ఫ్రాన్స్ రోగుల్లోనూ కొందరిది ఇదే ఫిర్యాదు. జాకెట్లకు అంటిన పసుపు మరకలు ఇప్పటికీ వదలలేదు.

చికిత్స ముగిసిన వారానికి చంక మడతలో చర్మం ఊడి, నీరు కారసాగింది. రేడియేషన్ దెబ్బకు చర్మపు అడుగు పొరలోని కణాలు విభజన చెందలేవు కనుక పైపొర ఊడినచోట కొత్తది త్వరగా రాదు. ఆ దశలో లేపనం మాన్పించి, సెలైన్‌తో శుభ్రం చేసి, అంటుకోని ఫోమ్ కట్టు వేశారు. రెండు వారాల్లో మానింది. ఆ ఘనత ట్యూబుకు ఇవ్వలేను.

అదే దుకాణంలో కలెండులా మదర్ టింక్చరు కూడా తీసుకోమన్నారు. అది ఆల్కహాల్‌లో తీసిన సారం కనుక కమిలిన చర్మానికి తాకించకూడదు. రెండో ట్యూబు మాత్రం కొన్నాము. పుండు మానిన చోట పొడిబారి నల్లబడిన చర్మానికి దాన్ని రాస్తున్నాము.