మోకాలు మార్చాక మూడు వారాలు ఎక్కడ? జర్మనీ రీహా, ఇల్లు, విజయవాడ: ఏది మేలు?

ఆపరేషన్ అయిన మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రి సామాజిక సేవా విభాగం నుంచి ఒకావిడ వచ్చి, మంచం పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చేతిలో దరఖాస్తు. "రీహాకు అక్కడే ఉండిపోయేలా వెళ్తారా, రోజూ ఇంటి నుంచి వెళ్లి వస్తారా? ఇవాళ చెప్తే ఇవాళే పంపించేస్తాను" అన్నారు. రీహా అంటే ఆపరేషన్ తర్వాత కాలును మళ్లీ నడకకు తెచ్చే వ్యాయామ చికిత్స. సాయంత్రం విజయవాడ నుంచి మా అక్క ఫోను. "ఆ రెండూ వద్దురా తమ్ముడూ. కుట్లు విప్పించుకుని విమానం ఎక్కు. నా మోకాలు నువ్వు చూడలేదా? నీది నేను చూస్తాను."

దారులు మూడు. మోకాలు ఒకటే, అదీ ఎడమది. నాకు 58 ఏళ్లు. స్టుట్‌గార్ట్ దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాం. ఇల్లు పాత భవనంలో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆవిడ ఉదయం ఏడింటికే పనికి వెళ్తుంది. ఈ వివరాలు ఎందుకంటే, "ఏది మేలు" అన్న ప్రశ్నకు జవాబు సగం మోకాలిలో ఉంటే మిగతా సగం మెట్లలోనూ వంటింట్లోనూ ఉంటుంది.

జర్మనీలో మోకాలి మార్పిడి తర్వాత ఆస్పత్రి నుంచి నేరుగా ఇంటికి పంపి చేతులు దులుపుకోరు. ఆస్పత్రి వెంటనే మొదలయ్యే ఆ రీహాకు ఆన్‌ష్లుస్‌హైల్‌బెహాండ్లుంగ్ అని పేరు. పేరు పలకడానికి వాళ్లకే బద్ధకం కాబట్టి "ఆ-హా-బే" అంటారు. మామూలుగా మూడు వారాలు, డిశ్చార్జి అయిన రెండు వారాల లోపు మొదలు కావాలి. ఉద్యోగంలో ఉన్నవారికి చాలావరకు పెన్షన్ బీమా సంస్థ, పదవీ విరమణ చేసినవారికి ఆరోగ్య బీమా సంస్థ భరిస్తాయి. మనకు నచ్చిన కేంద్రాన్ని కోరుకునే హక్కు చట్టంలోనే ఉంది, కానీ అడిగితేనే ఇస్తారు. అడగకపోతే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికే.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, అది చిన్నదే. ఆస్పత్రిలో రోజుకు 10 యూరోలు, ఏడాదికి 28 రోజులు దాటకుండా. పెన్షన్ బీమా తరఫున రీహాలో ఉండిపోతే మళ్లీ రోజుకు 10 యూరోలు, గరిష్ఠంగా 14 రోజులకు, అదీ ఆస్పత్రిలో కట్టిన రోజులు పోగా. ఇంటి నుంచి వెళ్లి వచ్చే పద్ధతికి పెన్షన్ బీమా ఏమీ తీసుకోదు. విజయవాడ వెళ్తే టికెట్టు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు ఫీజు, మందులు అన్నీ మన జేబు నుంచే, ఎందుకంటే జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా భారతదేశంలో చికిత్సకు డబ్బివ్వదు. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. జబ్బు సెలవులో మొదటి ఆరు వారాలు యజమాని పూర్తి జీతం ఇస్తాడు. ఆ తర్వాత ఆరోగ్య బీమా సంస్థ ఇచ్చే భత్యం మొదలవుతుంది, స్థూల జీతంలో 70 శాతం, అదీ చేతికొచ్చే జీతంలో 90 శాతం దాటకుండా. ఆ భత్యం తీసుకుంటూ, వాళ్ల అనుమతి లేకుండా ఐరోపా బయటికి వెళ్తే అది ఆగిపోతుంది. అక్క ప్రేమకు ఆ రాతపూర్వక అనుమతి కూడా తోడు కావాలన్నమాట.

ఇక విమానం. మా సర్జన్ మూడు నెలల దాకా దూర ప్రయాణం వద్దన్నారు. కొందరు ఆరు వారాలు చాలంటారు. ఎవరైనా భయపడేది కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం గురించే. దానికోసమే రోజుకొకటి హెపారిన్ సూది, బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో చర్మం చిటికెడు పట్టుకుని ఎవరికి వారే పొడుచుకోవాలి. ఊరెళ్తే గుమ్మం నుంచి గుమ్మానికి ఎంత లేదన్నా పద్దెనిమిది, ఇరవై గంటలు. మోకాలు మడిచి ఒకే సీట్లో, ముందు సీటు వెనక్కి వాలితే ఇంకా ఇరుకు. కాబట్టి మొదటి మూడు వారాలకు విజయవాడ అనేది నిజానికి ఎంపికే కాదు. ఆ మాట అక్కతో అనడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అయినా దాన్ని పోటీలో ఉంచుతున్నాను. జర్మనీలోనే ఆపరేషన్ చేయించుకోవాలా, సెలవు పెట్టి ఊళ్లో చేయించుకోవాలా అని ముందే ఆలోచించేవారికి అది నిజమైన ప్రశ్న. పైగా ఆ దారి నాకు తెలుసు. మూడేళ్ల కిందట అక్క కుడి మోకాలు మార్చినప్పుడు నేను మూడు వారాలు అక్కడే ఉన్నాను. అక్క నాలుగో రోజుకే వాకర్‌తో ఇంటికి వచ్చేసింది. ఫిజియోథెరపిస్టు కుర్రాడు రోజూ ఉదయం తొమ్మిదింటికి వచ్చి ముప్పావు గంట ఉండేవాడు. ఆ ముప్పావు గంటా అతని ధ్యాస పూర్తిగా అక్క మోకాలి మీదే. "అమ్మా, ఇంకొక్కసారి, ఇదే ఆఖరు" అని ఆరుసార్లు అనేవాడు. నాకు జర్మనీలో వ్యక్తిగతంగా దక్కింది రోజుకు అరగంట, మిగతాదంతా పదిమందితో కలిపి. ఒక్క మనిషి చేతి పనితనం వరకు విజయవాడదే పైచేయి.

అతను వెళ్లాక మిగిలిన ఇరవై మూడు గంటల సంగతే వేరు. పరామర్శకు వచ్చేవాళ్లు, బత్తాయిలు, కొబ్బరిబొండాలు. అక్క లేవబోతే నలుగురు పట్టుకుని కూర్చోబెట్టేవాళ్లు. మంచినీళ్ల గ్లాసు కూడా చేతికే. రాత్రిపూట కాలు చాపితే సలుపుతోందని ఆవిడ అంటే, మోకాలి కింద మెత్తటి దిండు ఒకటి పెట్టాం. ప్రాణం హాయిగా ఉందంది. ఆ దిండు పెట్టింది నేనే. మూడు రోజులు అలాగే పడుకుంది. నాలుగో రోజు ఆ కుర్రాడు దిండు చూసి తీసి అవతల పెట్టి, మడిచిన తువ్వాలును మడమ కింద పెట్టాడు. మోకాలు గాలిలో వేలాడుతూ దాని బరువుకు అదే చాపుకోవాలట. మోకాలి కింద దిండు పెడితే నొప్పి తగ్గినట్టు ఉంటుంది, కాలు మాత్రం వంగిన చోటే బిగుసుకుపోతుంది. పూర్తిగా చాపుకోని కాలితో నడిస్తే కుంటు మిగులుతుంది. అక్క కాలు మళ్లీ నిటారుగా రావడానికి చాలా వారాలు పట్టింది.

జర్మన్ రీహాలో దిండు పెట్టేవాళ్లు ఎవరూ లేరు. అది మొదట దిగులే. గదికి నేను ఒక్కణ్ని. రాత్రి సాక్సు విప్పేవాళ్లు లేరు. బిగుతుగా ఉండే తెల్ల మేజోళ్లను తొడిగే ఉపాయం నేర్పారు, ఆ తర్వాత నా తంటాలు నావే. రోజూ సాయంత్రం మర్నాటి పట్టిక నా గది నంబరు అరలో ఉండేది. వాపు తగ్గడానికి చర్మాన్ని మెల్లగా నిమిరే లింఫ్ మర్దన, కుర్చీల్లో కూర్చుని చేసే గుంపు వ్యాయామం, కాలును యంత్రం మీద కట్టి వంచి చాపే అరగంట, నడక పాఠం, సైకిలు. గాయం మానాక వెచ్చటి నీళ్ల తొట్టెలో వ్యాయామం. ఇవన్నీ భవనంలో వేర్వేరు చోట్ల పెడతారు, కర్రల మీద మనమే వెళ్లాలి. ఆ నడవడమే సగం చికిత్స అని నాకు రెండో వారంలో అర్థమైంది.

అన్నిటికన్నా వింత భోజనాల బల్ల. సీట్లు ముందే కేటాయిస్తారు. నా ఎదుట పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు, ఆయనదీ ఎడమ మోకాలే. రోజూ సాయంత్రం రొట్టె మీద వెన్న రాస్తూ "ఎంత?" అనేవాడు. ఎంత వంగింది అని. నేను 80తో వచ్చాను, పది డిగ్రీలు చాపుకునేది కాదు. ఆయన 85. మర్నాడు నేను 88, ఆయన 87. చిన్నప్పుడు మార్కులు పోల్చుకున్నట్టు ఇద్దరు ముసలాళ్లం డిగ్రీలు పోల్చుకునేవాళ్లం. మెట్లు దిగడానికి దాదాపు 90 కావాలి, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడానికి ఇంకాస్త. నేను 110తో బయటపడ్డాను, కాలు పూర్తిగా చాపుకుంది. ఊళ్లో అక్కను ఎవరూ "ఎంత?" అని అడగలేదు. "అన్నం తిన్నావా?" అనే అడిగారు.

అన్నం మాటకొస్తే, అక్కడ జర్మనీ చిత్తుగా ఓడిపోయింది. సాయంత్రం ఐదున్నరకు చల్లటి రొట్టె, జున్ను, ఊరబెట్టిన దోసకాయ. నొప్పి మాత్రలకు మలబద్ధకం ఎలాగూ ఉంటుంది, దానికి ఈ భోజనం తోడు. ఆదివారం మా ఆవిడ పెరుగన్నం, గోంగూర పచ్చడి తెచ్చినప్పుడు కళ్లనీళ్లు వచ్చాయంటే పచ్చడి కారానికని చెప్పుకున్నాను.

పరాయి భాషలో నొప్పి చెప్పడం దీనికంటే పెద్ద కష్టం. ఆస్పత్రిలో నర్సు సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమనేది. నేను ప్రతిసారీ "ఐదు" అనేవాణ్ని. అడిగినవాళ్లను కంగారు పెట్టకూడదన్న మన మర్యాద అది. ఆ ఐదుకు తగ్గ మాత్రే ఇచ్చారు, రెండో రాత్రి గోడ చూస్తూ తెల్లవార్చాను. సలుపు, పోటు, తీపు, మంట, లాగడం, పీకడం: మన దగ్గర ఇన్ని మాటలుంటే అక్కడ నా నోట ఒక అంకె. తర్వాత రీహాలో ఫిజియోథెరపిస్టు రెండే మాటలు గుర్తుంచుకోమంది. త్సీయెన్ అంటే లాగడం, ష్టెహెన్ (stechen) అంటే పొడవడం. "లాగితే ఇంకాస్త వంచుదాం, పొడిస్తే ఆపుదాం." ఆ రెండు మాటలతో మూడు వారాలు నెట్టుకొచ్చాను. భాష బాగా రానివారు ఆపరేషన్‌కు ముందే ఇలాంటి పది మాటలు కాగితం మీద రాసి పెట్టుకోండి. అంకె అడిగితే నిజం చెప్పండి. ఎనిమిదైతే ఎనిమిదే.

ఇంటి నుంచి వెళ్లి వచ్చే పద్ధతిని తీసిపారేయలేను. వ్యాను వచ్చి తీసుకెళ్లి సాయంత్రం దింపుతుంది, చికిత్సలు దాదాపు అవే, రాత్రి ఇంటి చారు, సొంత మంచం. కింది అంతస్తులోనో లిఫ్టు ఉన్న చోటో ఉంటూ, ఇంట్లో ఒక మనిషి తోడుంటే నేను అదే తీసుకునేవాణ్ని. నా మూడో అంతస్తే నన్ను ఆపింది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు అని నేర్పారు. కానీ రోజంతా వ్యాయామం చేసొచ్చి యాభై నాలుగు మెట్లు ఎక్కాక ఆ రాత్రి కాలు ఎంత వాస్తుందో ఊహించుకుని వద్దనుకున్నాను. చిన్న పిల్లలున్న ఇంట్లో కూడా ఉండిపోయే పద్ధతే నయం. ఇంటికొస్తే "నాన్నా, ఎత్తుకో" అన్న బిడ్డకు కర్రలు కనబడవు.

కాబట్టి నా ఓటు: మొదటి మూడు వారాలు ఉండిపోయే రీహా, ఇంట్లో మెట్లు తక్కువుంటే వెళ్లి వచ్చే రీహా. ఆ తర్వాత పెన్షన్ బీమా వాళ్లు ఇరేనా పేరుతో 24 సార్లు వ్యాయామానికి అనుమతిస్తారు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వెళ్లవచ్చు. దాన్ని వదులుకోవద్దు. ఊరు నాలుగో నెలలో.

ఇక తల్లిదండ్రులు ఇక్కడికి చుట్టపు చూపుగా వచ్చినప్పుడు మోకాలు ఇక్కడే మార్పించాలనుకునే పిల్లలకు ఈ పోలిక వర్తించదు. ముందే ఉన్న మోకాలి అరుగుదలకు అనుకుని చేయించే ఆపరేషన్‌ను సందర్శకుల ప్రయాణ బీమా భరించదు, రీహా సంగతి సరేసరి. అక్కడే చేయించండి. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకు, అంటే లోపల అమర్చే కృత్రిమ కీళ్లకు, గరిష్ఠ ధర పెట్టింది. మామూలుగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో పన్ను కాకుండా 54,720 రూపాయలు. సెలవు రెండు వారాలే దొరికితే ఆపరేషన్ రోజుకు పరుగెత్తకండి. అప్పుడు చుట్టూ డాక్టర్లూ నర్సులూ బంధువులూ అందరూ ఉంటారు. ఇంటికి తెచ్చిన రోజుకు చేరుకోండి. దిండు బయటికొచ్చేది అప్పుడే.