బంజారాహిల్స్‌లో జాజ్ శ్రవణ గోష్ఠి: వినవలసిందే, కానీ ముందు వరుసలో కూర్చుని

బంజారాహిల్స్‌లోని ఒక కాఫీ షాపు పై అంతస్తులో శనివారం సాయంత్రాలు జాజ్ శ్రవణ గోష్ఠి జరుగుతోంది. టికెట్ 600 రూపాయలు, అందులోనే ఒక కాఫీ. వాద్యబృందం ఏదీ ఉండదు కనుక ప్రత్యక్ష కచేరీ ఆశించి వెళ్లేవారికి నిరాశ తప్పదు. నిర్వాహకుడు తన సేకరణలోని ఎల్పీ రికార్డులను ఒకటొకటిగా వినిపిస్తూ, ఒక్కోదాని వెనుక ఉన్న మనుషుల గురించీ కాలం గురించీ చెబుతారు.

ఆయన కథను జాజ్‌తో మొదలుపెట్టకపోవడం నాకు బాగా నచ్చింది. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు ఆదివారాలు గుమికూడే హక్కును 1817లో నగర పాలకులు ఒకే స్థలానికి పరిమితం చేశారనీ, వారి డప్పులూ నృత్యాలూ కాంగో స్క్వేర్ అనే ఆ మైదానంలోనే నిలిచి బతికాయనీ చెప్పి, పొలంలో ఒకరు అందుకుంటే మిగిలినవారు బదులు పలికే శ్రమగీతాలనూ, స్పిరిచువల్స్ అనే క్రైస్తవ భక్తిగీతాలనూ, బ్లూస్ అనే వేదన నిండిన పాటలనూ వినిపించాకే ఆయన ట్రంపెట్ దాకా వచ్చారు. తొలితరంలో అందరూ తలుచుకునే బడ్డీ బోల్డెన్ వాయించిన ఒక్క రికార్డు కూడా మనకు మిగలలేదనీ, 1917లో వెలువడిన మొదటి జాజ్ రికార్డు మాత్రం తెల్లవారి బృందానిదనీ ఆయన ఏ వ్యాఖ్యా లేకుండా పక్కపక్కనే చెప్పారు. వ్యాఖ్య అక్కర్లేదు కూడా.

ఆ తర్వాత వినిపించిన రెండు రికార్డులకే నా టికెట్ డబ్బు గిట్టిపోయింది. మొదటిది 1923 నాటిది. అందులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన గురువు కింగ్ ఆలివర్ వెనుక రెండో కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న వాద్యం) వాయిస్తాడు. మైకు లేని ఆ రోజుల్లో అందరూ ధ్వనిని పట్టే ఒకే గరాటు ముందు చేరి వాయించవలసి వచ్చేదనీ, ఆర్మ్‌స్ట్రాంగ్ ధాటికి మిగిలిన వాద్యాలు వినపడక అతణ్ణి దూరంగా నిలబెట్టారనీ చెప్పుకుంటారు. రెండోది 1928 నాటి ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’. ఏ తోడూ లేకుండా ట్రంపెట్ ఒక్కటే పైకి ఎగసి, మళ్లీ మెట్టుమెట్టుగా దిగివచ్చే ఆ ఎత్తుగడ వింటే, అయిదేళ్లలో ఒక శిష్యుడు సామూహిక వాదనాన్ని ఏకవ్యక్తి మనోధర్మం వైపు ఎలా మళ్లించాడో చెవికే తెలిసిపోతుంది.

1959 దగ్గరికి వచ్చేసరికి రెండు లోపాలు ఒకేసారి బయటపడ్డాయి. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రచన ‘సో వాట్’లో అసలు పల్లవిని ఎత్తుకునేది ట్రంపెట్ కాదు, పాల్ చేంబర్స్ వాయించిన డబుల్ బాస్ అనే పెద్ద తంత్రీవాద్యం. గదిలో ఉన్న చిన్న స్పీకర్లకు ఆ మంద్రస్థాయి పలకదు. కింద నుంచి కాఫీ గింజలు పట్టే యంత్రం రొద తోడైంది. వెనుక వరుసల్లో ఉన్నవారు బాస్ అడిగే ప్రశ్న వినకుండా మిగతా వాద్యాల జవాబు మాత్రమే విన్నారు.

రెండో లోపం వివరణలో ఉంది. ఆ రచనలోని డోరియన్ అనే పాశ్చాత్య స్వరవరుసలోని స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలేనన్న మాట నిజమే కానీ, అక్కడితో ఆగక ‘ఇది మన రాగమే’ అనేయడం మాత్రం తొందరపాటు. స్వరాల వరుస రాగానికి ఆధారమే తప్ప రాగమంతా కాదు. గమకం, సంచారం లేకుండా ఖరహరప్రియ రూపుకట్టదు. పైగా 32 బార్ల (మన తాళావర్తాల వంటి కొలతల) ఆ రచనలో మొదటి 16 బార్ల తర్వాత స్వరసముదాయమంతా అర్ధస్వరం పైకి జరిగి, 8 బార్లు అక్కడ నిలిచి, తిరిగి చివరి 8 బార్లకు పాత చోటికి వస్తుంది. మన కచేరీలో గ్రహభేదం (మరో స్వరాన్ని షడ్జంగా భావించి వేరే రాగపు ఛాయ చూపడం) చేసే విద్వాంసుడు సైతం తంబురా శ్రుతిని కదపడు. ఈ తేడా చెప్పి ఉంటే పోలిక ఇంకా ఆసక్తికరంగా ఉండేది.

శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ సితార్ విద్వాంసుడు రవిశంకర్‌ను అభిమానించి కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న సంగతి చెప్పారు. అయితే జాన్ భార్య, స్వయంగా పియానో, హార్ప్ విద్వాంసురాలైన ఆలిస్ కోల్ట్రేన్ తర్వాతి కాలంలో పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై, కాలిఫోర్నియాలో ఆశ్రమం నడుపుతూ సంస్కృత భజనలకు నల్లజాతి చర్చి గానపు ఊపును జోడించి రికార్డు చేశారన్నది తెలుగువారితో నిండిన గదిలో ఎందుకు రాలేదో అర్థం కాలేదు. 1930లలోనే బొంబాయి తాజ్ హోటల్లో నల్లజాతి అమెరికన్ బృందాలు వాయించడం, ఆ బాణీని అందుకున్న గోవా వాద్యకారులు హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లోకి తేవడం కూడా ప్రస్తావనకు రాలేదు. సాయంత్రమంతా ఇంగ్లీషులోనే సాగింది. తెలుగులో అడిగిన ప్రశ్నలకు కూడా జవాబు ఇంగ్లీషులోనే వచ్చింది.

అయినా జాజ్‌కు కొత్తవారు ఇక్కడికి నిస్సందేహంగా వెళ్లవచ్చు. ఇప్పటికే వింటున్నవారికి మొదటి గంట చాలు. సీట్లకు నంబర్లు లేవు కాబట్టి అరగంట ముందే వెళ్లి ముందు వరుస పట్టుకోవాలి. కారు పెట్టే చోటు లేదు, పంజాగుట్ట మెట్రోలో దిగి ఆటో ఎక్కడం మేలు.