రెండు రాగి ఉంగరాల మీద నడుస్తున్న బండి: ఆరేళ్ల వాడకం తర్వాత

ఈ బొమ్మ రైలు సెట్టు పెట్టెలో ఏముంటాయో రాయను. హెచ్‌ఓ సెట్టు (అంటే అసలు రైలుకి 87వ వంతు సైజు) ఏది కొన్నా ఒక ఇంజను, మూడు నాలుగు బోగీలు, కోడిగుడ్డు ఆకారంలో పట్టాలు, గుండ్రటి మీట ఉన్న కంట్రోలరు. అవి మీకూ తెలుసు. ఈ బండి గురించి ఎవరు అడిగినా ఆరేళ్లుగా నేను చెప్పేది ఒక్కటే ముక్క: ఇది నెమ్మదిగా నడుస్తుంది.

అదేం గొప్ప అనుకుంటారేమో. చవక సెట్ల ఇంజన్లు మీట కొంచెం తిప్పితే ఉలకవు, ఇంకొంచెం తిప్పితే తాడు తెంచుకున్న దూడలా ఒక్క ఉరుకు ఉరుకుతాయి. మలుపులో బోగీలు పల్టీ కొడతాయి. పిల్లలకి అదే ఇష్టం, కాదనను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 1900లో మా రాజావారు వేయించిన రెండున్నర అడుగుల చిన్న రైలు నౌపడ నుంచి మా ఊరికి వచ్చేది. 1931లో గుణుపురం దాకా పొడిగించారు, 2004లో ఆపేశారు. దాని నడక మీద మా ఇళ్లల్లో ఉన్నన్ని జోకులు మరి దేని మీదా లేవు. ముందు పెట్టెలోంచి దిగి, చెట్టు చాటుకి వెళ్లొచ్చి, వెనక పెట్టె ఎక్కొచ్చని మా తాత అనేవాడు. చిన్నప్పుడు ఆ ఆవిరి ఇంజను వెనక కూర్చుని టెక్కలి దాకా వెళ్లినవాడిని. నాకు ఉరికే బండి ఎందుకు?

కొలతల్లో ఇది మా బండి కాదని ముందే ఒప్పుకుంటాను. 87వ వంతుకి కుదిస్తే మా పాత చిన్న లైనుకి పట్టాల మధ్య దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలి. ఇప్పుడు అదే దారిలో వేసిన పెద్ద లైనుకి 19 పైన కావాలి. నా సెట్టుది 16.5. అంటే మా ఊళ్లో ఎప్పుడూ నడవని, ఇకముందు కూడా నడవని కొలత. 9 మిల్లీమీటర్ల చిన్న లైను ఇంజన్లు దొరకవని కాదు, వాటి ధర చూసి మా ఆవిడకి చెప్పే ధైర్యం రాలేదు.

2019 డిసెంబరులో బావమరిది సింగపూర్ నుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చాడు. ఆ రాత్రి షాపు కట్టేసి వచ్చి (మాకు మందుల షాపు ఉంది) హాల్లో నేల మీదే పట్టాలు కలిపాను. మీట సన్నగా తిప్పాను. బండి కదిలిందో లేదో తెలియలేదు. చక్రాల కమ్మీ లేస్తుంటే చూసి, ఓహో కదులుతోంది అనుకున్నాను. మూడు మీటర్ల పైచిలుకు చుట్టు తిరగడానికి రెండు నిమిషాలు పట్టింది. లెక్కేస్తే నిజం బండికి గంటకి ఎనిమిదిన్నర కిలోమీటర్లు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఏమండీ, పాడైపోయిందా?" అంది.

ఈ నడక వెనక ఉన్న పని సులువే. మోటారుకి మరలాంటి గేరు ఉంటుంది. అది పూర్తిగా ఒక చుట్టు తిరిగితే ఇరుసు మీద పళ్ల చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. మోటారు పక్కన చిన్న ఇత్తడి బరువు చక్రం కూడా ఉంది కాబట్టి పట్టా మీద మురికి దగ్గర కరెంటు ఒక క్షణం తప్పినా ఆ ఊపుతో దాటేస్తుంది. ఈ రెండూ ఉన్న సెట్టు ఆ ధరలో రావడం నిజంగా అదృష్టం. 2020 బడ్జెట్లో విదేశీ బొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతానికి పెంచారు, 2023లో 70 చేశారు. ఆ లెక్కన నేను ఆఖరి బస్సు ఎక్కినట్టే.

బొమ్మ రైళ్ల పిచ్చి ఉన్న మా నలుగురికీ డిసెంబరు ఆదివారాలు రాత్రి ఫోనులో ముచ్చట్లు అలవాటు. పలాసలో రిటైరైన గార్డు గారు, గుణుపురం లెక్కల మాస్టారు, బరంపురంలో మొబైళ్లు రిపేరు చేసే తమ్ముడు, నేను. ఎవరి బల్ల మీద ఏ గుట్ట లేచింది, ఎవరి సొరంగంలో బల్లి కాపురం పెట్టింది, ఇలాంటి కబుర్లే. తమ్ముడు ఎప్పుడూ డిజిటల్‌కి, అంటే ఇంజనులో చిప్పు పెట్టి నడిపే పద్ధతికి, మారమంటాడు. గార్డు గారు ఎప్పుడూ తిడతారు. ఆ మొదటి డిసెంబరులో నేను వాళ్లతో అన్న మాట నాకు బాగా గుర్తుంది: "కళ్లు మూసుకుని కొనండి, దీనికి తిరుగులేదు." మాస్టారు నా మాట నమ్మి, 2021లో, అరవై శాతం సుంకం కట్టి మరీ తెప్పించుకున్నారు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

ఇంకోటి చెప్పాలి. ఈ బండి ఏటా మా వీధి చివర చర్చిలో క్రిస్మస్‌కి పశువుల పాక చుట్టూ తిరుగుతుంది. ఆ పాకలో ఎద్దు, ఆవు మా ఊరి కొమ్ము పనివాళ్లు చేసినవి, నల్లగా నిగనిగలాడుతుంటాయి. మొదటిసారి అడిగినప్పుడు ఫాదర్ గారు, "యేసు పుట్టినప్పుడు రైలెక్కడిదయ్యా?" అన్నారు. మాస్టారు ఫోనులోంచే జవాబు అందించారు: యెరూషలేముకి 1892లోనే రైలొచ్చింది, పర్లాకిమిడి కంటే ఎనిమిదేళ్లు ముందు. ఫాదర్ గారు నవ్వి ఊరుకున్నారు. నవ్వితే ఒప్పుకున్నట్టే కదా.

2022లో, పండగ ఇంకా అయిదు రోజులుందనగా, పాక దగ్గర బండి వదిలి చూస్తున్నాను. టిక్. కొంచెం సేపయ్యాక మళ్లీ టిక్. ఆ టిక్ దగ్గర ఇంజను కుంటినట్టు ఒక చిన్న ఎగురు ఎగిరేది.

ముందు పట్టాల అతుకుల మీద అనుమానం. అన్నీ విప్పి కలిపాను. తర్వాత మురికి అనుకున్నాను. షాపులో స్పిరిట్‌కి కొదవేముంది, పట్టాలన్నీ తుడిచాను. టిక్. తర్వాత దూది. మంచు కోసం పిల్లలు పాక చుట్టూ దూది పరిచారు, దాని పోగులు ఇరుసులకి చుట్టుకున్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ లాగాను, అరగంట పట్టింది. (మీరెవరైనా దూది మంచు వేస్తే పట్టాలకి జానెడు దూరంలో వెయ్యండి. గేర్లలోకి పోతే ఇంజను విప్పాల్సిందే.) దూది తీసేశాక ఇంకా స్పష్టంగా వినబడింది టిక్.

ఆ రాత్రి ఫోను ఇంజను దగ్గర పెట్టి ముగ్గురికీ వినిపించాను. గార్డు గారు ఒక్కటే అడిగారు. "ఒకే చోట వస్తోందా బావూ, చక్రం తిరిగినప్పుడల్లా వస్తోందా?" నేను అప్పటిదాకా అది చూడనేలేదు. ఒకే చోట వస్తే రోగం పట్టాలది, తిరిగినప్పుడల్లా వస్తే చక్రానిది. ముప్పై ఏళ్లు గూడ్సు బండ్ల వెనక కూర్చున్న మనిషికి ఇంతకంటే వినాల్సింది లేదు. చక్రానికి సుద్దముక్కతో గుర్తు పెట్టి చూశాను. గుర్తు కిందికి వచ్చినప్పుడల్లా టిక్.

"ఇదే డిజిటల్ అయితే" అని తమ్ముడు మొదలుపెట్టాడు. "గేరు పగిల్తే డిజిటల్ ఏటి సేత్తదిరా?" అన్నారు గార్డు గారు.

నాలుగు స్క్రూలు తీస్తే అడుగు రేకు ఊడొచ్చింది. ఎక్స్‌పైరీ తేదీలు చూసే భూతద్దం పెట్టి చూశాను. రెండు పట్టాల కరెంటు కలవకూడదు కాబట్టి ఇరుసు మధ్యలో ప్లాస్టిక్ పళ్ల చక్రం, దానికి అటూ ఇటూ బుల్లి గొట్టాలు ఉంటాయి. వాటిలోకి రెండు పక్కల నుంచీ ఉక్కు ఇరుసు ముక్కలు బిగించి దూరుస్తారు. ఉక్కు అలాగే ఉంటుంది, ప్లాస్టిక్ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ముడుచుకుంటుంది. ముడుచుకునే చోటు లేక పగులుతుంది. ఒక గొట్టం మీద వెంట్రుకంత గీత ఉంది. ఆ గీత పళ్ల దాకా పాకింది. రెండు పళ్ల మధ్య ఎడం పెరిగింది కాబట్టి మర అక్కడికి వచ్చేసరికి తడబడుతోంది. అదే టిక్.

అంటే నేను ఏ నడకని చూసి మురిసిపోయానో ఆ నడక అంతా ఈ ఒక్క ప్లాస్టిక్ ముక్క మీద ఆధారపడి ఉంది. దాన్నే చవగ్గా చేశారు.

సూపర్ గ్లూ పెట్టాను, పెచ్చులా ఊడిపోయింది. ఈ రకం జారుడు ప్లాస్టిక్‌ని మామూలు గమ్ములు పట్టుకోవని తర్వాత తెలిసింది. అమ్మిన దుకాణానికి రాస్తే, ఆ మోడల్ విడిభాగాలు రావడం లేదు, కొత్త ఇంజను కొనుక్కోండి అని ఒక్క లైను జవాబు. పండగకి మూడు రోజులుంది. చర్చిలో పిల్లలు రోజూ సాయంత్రం షాపు ముందు నిలబడి, "అంకుల్, రైలు?" అంటున్నారు. టెన్షన్‌తో నేను ఒకాయన చీటీ రెండుసార్లు తప్పు చదివాను.

బుద్ధి చెప్పింది మా ఆవిడే. "బండి చక్రం చీలితే ఊళ్లో ఏం చేస్తారు? ఇనప పట్టా వేస్తారు కదా." అంతే. ఇరుసు పొట్లం కట్టుకుని బజారులో మాకు తెలిసిన కంసాలి తాత దగ్గరికి పరిగెత్తాను. కమ్మరి పట్టా కాల్చి తొడుగుతాడు, ఇక్కడ కాల్చకూడదు, ప్లాస్టిక్ కరిగిపోతుంది అని రెండుసార్లు చెప్పాను. ఆయన కంటికి అద్దం పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, "ముక్కుపుడక మర కంటే పెద్దదే బాబూ, నాకెందుకీ భయం?" అన్నాడు. సన్నని రాగి రేకు చుట్టి, అతికి, అరగదీసి, రెండు ఉంగరాలు చేశాడు. గొట్టాల మీదికి నెమ్మదిగా తోస్తుంటే ఆ గీత నా కళ్ల ముందే మూసుకుంది. రెండోది ఎందుకంటే, ఒకటి పగిలిందంటే రెండోది కూడా దారిలో ఉన్నట్టే.

అక్కడితో అవలేదు. రెండు చక్రాల లోపలి అంచుల మధ్య దూరం 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, తేడా వస్తే పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు రెండు దారులుగా చీలే చోట, పట్టా తప్పుతుంది. ఆ కొలతా తాత కొలబద్దతోనే చూసుకున్నాం. ఉంగరం చక్రానికి తగలకుండా ఎడం ఉంచమని తమ్ముడు ఫోనులో చెబుతూనే ఉన్నాడు, తగిలితే షార్ట్ అవుతుందని. ఆ ఒక్క విషయంలో వాడి మాట విన్నాను. అరవై రూపాయలు తీసుకున్నాడు తాత. వెళ్తుంటే నా చేతిలో పట్టా ముక్క చూసి ఇదేమిటన్నాడు. నికెల్ సిల్వర్ అన్నాను. గీటురాయి మీద ఒక గీత గీసి, "ఇందులో వెండి లేదు, ఎవడో మోసం చేశాడు" అన్నాడు. మోసం కాదు, పేరే అంత, ఉన్నది రాగి, నికెల్, జింకు అంటే నమ్మలేదు. ఇప్పటికీ నా మీద జాలి పడుతుంటాడు.

ఇరవై మూడో తారీఖు రాత్రి బండి తిరిగింది. టిక్ లేదు. ఆ పండగకి నాకు వచ్చిన అరిసెలు, కజ్జికాయలు సంక్రాంతి దాకా తిన్నాం.

ఇక మూడేళ్ల తర్వాత ఎలా ఉందో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఉంగరాలు కదలలేదు. కానీ ఆ నత్తనడక మునుపటంత నత్తది కాదు. మీట అట్టడుగున పెడితే ఇంజను ఒకసారి ఆలోచించుకుని గానీ కదలదు. చుట్టుకి రెండు నిమిషాలు పట్టేది ఇప్పుడు నిమిషం నలభై సెకన్లలో అయిపోతోంది, అంతకంటే తగ్గిస్తే ఆగిపోతుంది. చూసేవాళ్లకి తేడా తెలియదు. నాకు తెలుస్తుంది. చిమ్నీలో నూనె పోస్తే వచ్చే పొగ గురించి అడగకండి, ఆ వాసనకి మా ఆవిడ రెండో రోజే చిమ్నీలో దూది కుక్కేసింది.

"తిరుగులేదు" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. మాస్టారి ఇంజను పెట్టెలోంచి పట్టుమని పదిసార్లు కూడా బయటికి రాలేదు, అయినా పోయిన ఏడాది దాని గేరూ పగిలింది. నడపడం వల్ల పగిలేది కాదు కదా, ఊరికే ఉన్నా ముడుచుకుంటుంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆదివారం ఫోను తియ్యగానే, "ఏటి బావూ, ఉంగరాల బండి ఎలాగున్నాది?" అంటారు, అంతే. తిట్టినా బాగుండేది.

కొనొచ్చా అంటే, నా సంగతి వేరు. రోజూ రాత్రి గంటకి మించి నడపను, స్పిరిట్ షాపులోనే ఉంది, నడిచి వెళ్లేంత దూరంలో కంసాలి తాత ఉన్నాడు. ఆయనకి డెబ్బై దాటాయి, కొడుకు భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేరు. ఇవేవీ లేనివాళ్లు, పిల్లల కోసం కొనేవాళ్లు, ఇదే డబ్బుకి లోహపు గేరు ఉన్నది దొరుకుతుందేమో ముందు వెతకండి, నడక కొంచెం మోటుగా ఉన్నా సరే. పాతది ఎవరైనా అమ్ముతానంటే అడుగు రేకు విప్పించి, భూతద్దం పెట్టి, ఆ గొట్టాలు చూశాకే డబ్బివ్వండి. నా మటుకు నేను దీన్ని అమ్మను. అడిగినవాళ్లు కూడా లేరనుకోండి.

మాస్టారు ఎట్టకేలకు తన ఇరుసు పంపిస్తానన్నారు. ఈ ఆదివారం గుణుపురం బండిలో వచ్చే వాళ్ల మేనల్లుడి చేతికి అగ్గిపెట్టెలో పెట్టి ఇస్తారట. నేను స్టేషనుకి వెళ్లి తీసుకోవాలి. తాతకి ఇప్పటికే చెప్పి ఉంచాను, ఈసారి రాగి కాదు, ఇత్తడి చేద్దాం అంటున్నాడు.