9 ఎంఎం లూగరా, .380 ఆటోనా? ఖాళీ కేసులు ఇలా వేరు చేయండి

అమెరికాలో మళ్లీ తూటాలుగా నింపుకోవడానికి షూటింగ్ రేంజ్‌లో ఏరుకొచ్చిన ఖాళీ ఇత్తడి కేసుల్ని (పేలిన తూటాల గొట్టాల్ని) బల్ల మీద కుమ్మరిస్తే ఈ రెండు రకాల పిస్టల్ కేసులూ కలిసిపోయి ఉంటాయి, పైగా రెండూ దాదాపు ఒకే మందం బుల్లెట్ పట్టేవే కాబట్టి విడిగా చేతిలోకి తీసుకుంటే ఏది ఏదో చెప్పడం కష్టం. పక్కపక్కన నిలబెడితే మాత్రం ఇట్టే తెలుస్తుంది: లూగర్ పొడవు 19.15 మిల్లీమీటర్లు, .380ది 17.3. అడుగు అంచు కూడా లూగర్‌కి కాస్త వెడల్పు, 9.96, రెండోదానికి 9.5. లూగర్ కేసు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, .380 దాదాపు నిటారుగా ఉంటుంది.

నా మాట వింటే అడుగున చెక్కిన అక్షరాలే చదవండి. ‘9 ఎంఎం లూగర్’, ‘380 ఆటో’ అని సాధారణంగా స్పష్టంగా ఉంటుంది, మసి పడితే ముందు శుభ్రం చేయండి. మధ్యలో 18 మిల్లీమీటర్ల పొడవున్న మకరోవ్ (ఇంకో రకం పిస్టల్ తూటా) కేసు దొరికితే ఇంకా జాగ్రత్త, దాని అంచు లూగర్‌తో సమానమే. పొట్టి కేసు లూగర్ డైలోకి (నింపేముందు కేసుని సరిచేసే అచ్చులోకి) వెళ్తే మూతి సరిగ్గా తెరుచుకోదు, బుల్లెట్ బిగువుగా కూర్చోదు. ఓపిక లేనిరోజు ఈ పని పెట్టుకోకండి. అనుమానం వచ్చిన కేసుని పక్కన పడేయండి, ఇంకోటి దొరుకుతుంది.