పాత కారు మిస్‌ఫైర్‌కు ఓబీడీ అడాప్టర్ ఎంతవరకు పనికొస్తుంది?

ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మిస్సింగ్ కొట్టి, వేడెక్కాక మాయమయ్యే పాత పెట్రోలు కారు మెకానిక్ దగ్గరికి చేరేసరికి చక్కగా నడుస్తుంది కనుక, ఆయన ప్లగ్గులు మార్చి పంపించేస్తారు. నా కారుకు ఈ తంతు పలుమార్లు జరిగాక, ఫోనుతో పనిచేసే చౌకరకం బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే పరికరం) ఒకటి కొన్నాను. పెట్టిన డబ్బుకు అది న్యాయం చేసింది.

అయితే అది చూపే కోడ్ ఏ సిలిండర్‌లో మంట తప్పుతోందో మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. పి0302 అంటే రెండో సిలిండర్, పి0300 అంటే ఒక్క సిలిండర్‌కు పరిమితం కాని మిస్‌ఫైర్. క్రాంక్‌షాఫ్ట్ వేగంలోని తడబాటును బట్టి కారు కంప్యూటర్ దీన్ని పసిగడుతుంది కనుక, ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ చెడినా, ఇంజెక్టర్ మూసుకుపోయినా, వాల్వు కాలినా అదే కోడ్ రావచ్చు. నా కారులో వచ్చినది పి0302. రెండు, మూడు సిలిండర్ల కాయిళ్లను తారుమారు చేసినప్పుడు కోడ్ పి0303కు మారి ఉంటే కాయిల్‌నే తప్పుపట్టవచ్చు, కానీ అది కదలలేదు.

పరికరం అసలు విలువ ఆ తర్వాతే తెలిసింది. కోడ్ పడిన క్షణంలోని ఇంజిన్ వేగం, లోడు, కూలెంట్ ఉష్ణోగ్రత ఫ్రీజ్ ఫ్రేమ్‌లో నమోదై ఉన్నందున, తేడా చల్లని ఇంజిన్‌లో, అదీ ఐడిలింగ్‌లోనే (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడే) వస్తోందని తేలింది. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ పనిలోకి దిగగానే చూస్తే, ఐడిలింగ్‌లో 18 శాతం అధికంగా ఉన్న ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) 2500 ఆర్‌పీఎం దగ్గర దాదాపు మామూలు స్థాయికి దిగింది. ఇన్‌టేక్ వైపు గాలి లీకు ఉంటే ఇలాగే జరుగుతుంది. (ఐడిలింగ్ అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు. మండని సిలిండర్ నుంచి వచ్చే ఆక్సిజన్ వల్ల కూడా ఇంధనం చాలడం లేదని సెన్సర్ పొరబడుతుంది.) ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్ మార్చాక ఆ కోడ్ మళ్లీ రాలేదు.

నాలుగైదు రీడింగులు ఒకేసారి పెడితే అంకెలు ఆలస్యంగా కదలడం ఇందులోని పెద్ద లోపం, క్షణకాలపు తడబాటు అందులో జారిపోతుంది. సిలిండర్ల వారీ మిస్‌ఫైర్ లెక్కలు అన్ని కార్లలోనూ కనిపించవు. కార్బ్యురేటర్ బండ్లకు ఇది అక్కరకు రాదు, కంప్రెషన్ మీద అనుమానం ఉంటే గేజ్ పెట్టి చూడవలసిందే. బండి ఆపిన తర్వాత కూడా పోర్టు నుంచి కరెంటు లాగుతూనే ఉంటుంది కనుక, పని అయ్యాక తీసి పక్కన పెట్టాలి.